నువ్వు వెళ్ళాక ఎవరు చూస్తారమ్మా?

మా లైబ్రరీకి ప్రాజెక్టు పేరు చెప్పి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది కూర్చోకముందే అడిగే మాట ఒకటుంది. "సర్టిఫికెట్ మీద సంతకం మీరే పెడతారా అంకుల్?" వాళ్ళని తప్పుపట్టను. 2020-21లో డిగ్రీ సిలబస్ మార్చినప్పటి నుంచి మన రాష్ట్రంలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. మొదటి ఏడాది వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది వేసవిలో ఇంకో రెండు నెలలు, ఆఖర్న ఒక సెమిస్టరు మొత్తం, అన్నీ కలిపితే పది నెలలు. గుంటూరులో ఉన్న కాలేజీలకి, వాటిల్లో ఉన్న పిల్లలకి అంతమందికీ పని చూపించే చోట్లు ఎక్కడున్నాయి? దాంతో రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే దుకాణాలు వెలిశాయి. రిపోర్టు, పీపీటీ, వైవాలో అడిగే ప్రశ్నలు, వాటి జవాబులు, అన్నీ ఒకే ప్యాకేజీ. డబ్బు కడితే పేరు మార్చి ప్రింటు తీసిస్తారు.

పోయినసారి వచ్చిన అమ్మాయి సర్టిఫికెట్ సంగతి ఎత్తలేదు. "మీ లైబ్రరీలో మీకు బాగా విసుగు తెప్పించే పని ఏంటంకుల్?" అని అడిగింది. డిగ్రీ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం. వాళ్ళ నాన్న మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తా. సంస్థని మీరే వెతుక్కోండి, సమస్య మీరే పట్టుకోండి, ప్లాను మీరే వేసుకోండి, మధ్యమధ్యలో వచ్చి చూపించండి అని కాలేజీ వాళ్ళు చెప్పారట. స్వేచ్ఛ బాగానే ఉంది కానీ, ఇరవై ఏళ్ళ పిల్లకి ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో చెప్పే మనిషి లేకపోవడం కూడా అందులోనే ఉంది. ఆ సెమిస్టరంతా ఆ అమ్మాయి పక్కన కూర్చుని చూసిన సంగతులు రాస్తున్నాను. ప్రాజెక్టు చేయబోయే పిల్లలకీ, చేయించుకునే మాలాంటి వాళ్ళకీ పనికొస్తాయేమో.

ముందు మా లైబ్రరీ గురించి. బ్రాడీపేటలో ఒక ట్రస్టు నడిపే ఒంటిగది లైబ్రరీ. ముందు వరండా, లోపల బీరువాలు, నాలుగు వేల పైచిలుకు పుస్తకాలు. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా తెరుస్తాం. ఇంటిపన్నుతో పాటు అందరం కట్టే గ్రంథాలయ సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థకి వెళ్తుంది, మాలాంటి ప్రైవేటు లైబ్రరీకి రాదు. పాఠకుల చందాలతో, పాత కాగితం అమ్మిన డబ్బుతో నడుస్తుంది. లైబ్రేరియన్ ఒకావిడ. పగలు ఒక స్కూల్లో పని చేసి, సాయంత్రం ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా ఇక్కడికి వస్తుంది. లెక్కలు, కరెంటు బిల్లు, చెదలమందు కొట్టించడం నా వంతు. నేను టెలిఫోన్స్‌లో పనిచేసినవాణ్ణి. 2000 అక్టోబరులో మా డిపార్టుమెంటు బీఎస్ఎన్ఎల్ అయింది. 2020 జనవరి 31న దేశమంతటా 78 వేల మందికి పైగా వీఆర్ఎస్ తీసుకుని ఒకేరోజు బయటికొచ్చాం. అందులో నేనొకణ్ణి.

అమ్మాయి రెండోసారి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లో రంగురంగుల చార్టు తెచ్చింది. మొబైల్ యాప్, ప్రతి పుస్తకానికీ క్యూఆర్ కోడ్, పాఠకుడి అభిరుచిని బట్టి పుస్తకాలు సూచించే ఏఐ. వెనకాల కోహా. కోహా అంటే న్యూజిలాండ్‌లో పుట్టిన లైబ్రరీ సాఫ్ట్‌వేర్, ఉచితం. మన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ వాళ్ళు చేసిన ఈ-గ్రంథాలయ కూడా ఉంది. రెండూ మంచివే, సిబ్బంది ఉన్న లైబ్రరీలకి. మా దగ్గరున్న యంత్రాలు రెండు ఫ్యాన్లు, ఒక ట్యూబ్‌లైటు, లైబ్రేరియన్ గారి ఫోను.

"అంతా బాగుందమ్మా. మే నెల నుంచి నీకు ఉద్యోగమో, ఎంసీఏనో వస్తుంది. నువ్వు వెళ్ళాక ఇదంతా ఎవరు చూస్తారు?" అన్నాను.

అమ్మాయి లైబ్రేరియన్ గారి వైపు చూసింది. ఆవిడ పుస్తకాల మీద దుమ్ము దులుపుతూ, "నా వైపు చూడకు తల్లీ, నాకు వాట్సాప్, ఫోన్‌పే తప్ప ఇంకోటి తెలీదు" అంది.

ఇది మా ఒక్క లైబ్రరీ గొడవ కాదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు, ఆయన తోటివాళ్ళు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టాక ఈ జిల్లాల్లో ఊరూరా లైబ్రరీలు పుట్టుకొచ్చాయి. నాకు తెలిసి మూతపడ్డవాటిలో పుస్తకాలు లేక మూతపడ్డది ఒక్కటీ లేదు, తాళంచెవి తీసుకునే మనిషి లేకే. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి ఈనాటికీ నడుస్తోందంటే, ప్రతి తరంలో ఆ తాళంచెవి పట్టుకునేవాళ్ళు దొరికారు కనుక.

చార్టు పక్కన పెట్టి, ఒక వారం ఊరికే వచ్చి వరండాలో కూర్చోమన్నాను. వచ్చినవాళ్ళు ఏమడుగుతున్నారో నోట్సులో రాసుకోవడం తప్ప వేరే పని చేయొద్దన్నాను. ఆ నోట్సు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. "నేను పోయినసారి సగం చదివిన పుస్తకం ఎవరు తీసుకెళ్ళారు?" "మా ఆవిడ చిన్నప్పుడు వీక్లీలో వచ్చిందట, హీరోయిన్ టీచరు, పేరు గుర్తులేదు." "ఇది నేను చదివేశానా?" ఈ చివరి ప్రశ్న అడిగేవాళ్ళు మా దగ్గర చాలామంది. సగం మంది పాఠకులు అరవై దాటినవాళ్ళే మరి. రచయిత పేరో, వర్గీకరణ సంఖ్యో చెప్పి అడిగిన మనిషి ఆ వారంలో లేడు.

విషయాన్ని బట్టి పుస్తకానికి నంబరిచ్చే డ్యూయీ పద్ధతి ఆలోచన అక్కడే పోయింది. దాని ప్రకారం తెలుగు సాహిత్యం మొత్తానికీ 894.827, నవలైతే చివర ఇంకో 3. మా గదిలో పదింట తొమ్మిది పుస్తకాల వీపు మీద అదే నంబరు అంటించి లాభమేమిటి? లైబ్రేరియన్ గారిని ఏ పుస్తకమైనా అడగండి, "మూడో బీరువా, కింద అర, ఎడం పక్క" అంటుంది. అదే కాలమ్ అయింది. బీరువా నంబరు, అర నంబరు, పుస్తకాలు వచ్చిన వరసలో రాసుకునే పాత అక్సెషన్ రిజిస్టరులో ఉన్న నంబరు. కొత్తగా ఏ నంబరూ పుట్టించలేదు.

తర్వాత ఒక్క తెల్లకాగితం మీద ఒప్పందం రాయించాను. ఎడమ వైపు "ఇస్తాను", కుడి వైపు "ఇవ్వను". ఇచ్చేవి: అన్ని పుస్తకాల జాబితా గూగుల్ షీటులో, తీసుకెళ్ళిన పుస్తకాల లెక్క ఇంకో షీటులో, జాబితా ప్రింటు ఒకటి బైండు చేయించి. ఇవ్వనివి: యాప్, క్యూఆర్ కోడ్, ఏఐ. కింద ముగ్గురి సంతకాలు. "ఇవ్వను" వైపు రాయడానికే అమ్మాయికి ఎక్కువసేపు పట్టింది. రాస్తే కాలేజీలో తక్కువ చేసి చూస్తారని భయం. నిజానికి ఈ కుడి పక్క మాటలే తర్వాత ఆ పిల్లని కాపాడాయి. మా ట్రస్టు సభ్యుడొకాయన ఫిబ్రవరిలో వచ్చి, "పనిలో పనిగా మనకో వెబ్‌సైట్ కూడా చేసిపెట్టమ్మా" అన్నప్పుడు ఆ కాగితం చూపించాను. గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఫ్రీగా పనిచేసే పిల్ల దొరికితే ప్రతివాడికీ ఏదో ఒకటి గుర్తొస్తుంది. దాన్ని ఆపడం సంస్థలో ఉన్న పెద్దవాడి పని, పిల్ల పని కాదు.

రోజులు లెక్కేసేటప్పుడు కూడా కాస్త గట్టిగానే ఉన్నాను. చార్టులో జనవరి రెండో వారం నిండా పని పెట్టింది. సంక్రాంతికి గుంటూరులో ఎవరుంటారు? కొట్టేయమన్నాను. ఇంటర్నల్స్ వారం కొట్టేయమన్నాను. మార్చి ఆఖర్న లైబ్రేరియన్ గారి స్కూల్లో పరీక్షలు, అప్పుడు ఆవిడ ఉండదు. ఇవన్నీ పోగా మిగిలిన సాయంత్రాలకి సరిపడేంత పనే ఒప్పుకోవాలి. శనివారం రాత్రి మూసేముందు పది నిమిషాలు కూర్చుని ఈ వారం ఏం తేల్చామో నోట్సులో రాసి తేదీ వేయడం అలవాటు చేశాం. మూడు నెలల తర్వాత "అలా ఎందుకు చేశారు?" అని ఎవరడిగినా పేజీ తిప్పితే జవాబు దొరికేది.

జాబితా మొదటి రెండు వారాలు నత్తనడక. పుస్తకం తీయడం, చూడడం, ఫోనులో తెలుగు మైకు నొక్కి పేరు చదవడం, తప్పు పడితే దిద్దడం, మళ్ళీ పెట్టడం, అన్నీ ఒక్కతే. వాళ్ళ నాన్న ఒకరోజు కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చి కాసేపు నిలబడి చూశాడు. "యార్డులో టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, లెక్కపెట్టేటప్పుడు పిలిచేవాడు వేరు, రాసేవాడు వేరమ్మా. రెండూ ఒకడే చేస్తే రెండూ తప్పుతాయి" అన్నాడు. మర్నాటి నుంచి లైబ్రేరియన్ గారు బీరువా దగ్గర స్టూలు వేసుకుని నంబరు, పేరు పిలిచేది, అమ్మాయి ఎక్కించేది. పని ఒక్కసారిగా పరుగెత్తింది. ఇంకో లాభం కూడా కలిగింది. ప్రతి వరసా తన గొంతు మీదుగానే వెళ్ళింది కాబట్టి, ఆ షీటు లైబ్రేరియన్ గారిది కూడా అయింది. ఎవరో చేసి ఇచ్చిన వస్తువులా లేదు.

పాత జాబితా ఒకటి సీడీలో ఉందని మొదట సంబరపడ్డాం. ఎప్పుడో డీటీపీలో కొట్టించిన పేజ్‌మేకర్ ఫైలు. తెరిచి కాపీ చేసి షీటులో వేస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, చుక్కలు. అను ఫాంట్లలో కొట్టింది అంతే, ఎక్కడ తెరిచినా తెలుగులా కనిపించే యూనికోడ్ కాదు. మార్చే కన్వర్టర్లున్నాయి, మారుస్తాయి, వత్తుల దగ్గర తేడా వస్తుంది. దిద్దుకుంటూ కూర్చునే బదులు మళ్ళీ ఎక్కించడమే నయమని రెండు రోజుల్లోనే తేల్చి వదిలేసింది. వదిలేయడం తెలిసిన పిల్ల అని అప్పుడే అనుకున్నాను.

రచయితల పేర్లతో చిక్కు వచ్చింది. ఒక అట్ట మీద చలం, ఇంకో అట్ట మీద గుడిపాటి వెంకటచలం. బీనాదేవి అంటే ఒకావిడ కాదు, భార్యాభర్తలిద్దరి కలంపేరు. అట్ట మీద ఎలా ఉంటే అలాగే రాసి, పక్కన "ఇలా కూడా అంటారు" అని ఒక కాలమ్ పెట్టింది. ఏ పేరుతో వెతికినా దొరుకుతుంది. ఇంతకన్నా శాస్త్రీయ పద్ధతులున్నాయని తెలుసు, మాకు ఇది చాలు.

అసలు పరీక్ష ఆరో బీరువా. దాని నిండా ఇళ్ళల్లో బైండు చేయించిన సీరియళ్ళు. డెబ్బైల్లో, ఎనభైల్లో వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు వారం వారం చింపి దాచి, చివరికి దారంతో కుట్టి, కాలికో అట్ట వేయించుకునేవాళ్ళు. ఆ ఇంటి పెద్దావిడ పోయాక పిల్లలు సంచుల్లో పోసి తెచ్చి మాకిస్తారు. మొదటి వారం కాగితం చిరిగిపోయి ఉంటుంది కనుక పేరుండదు. ఎవరు వేశారో ఉండదు, ఏ ఏడాదో ఉండదు. అమ్మాయి ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక సాయంత్రమంతా కూర్చుంది. కథ చదవలేదు. ప్రతి కాగితం వెనక్కి తిప్పి, సీరియల్ కాని పక్క ఏముందో చూసింది. ఒకచోట సగం జోక్, ఒకచోట సబ్బు ప్రకటన, ఒకచోట వారఫలాల్లో వృషభం నుంచి కన్య దాకా. చివరికి ఒక కాగితం వెనక కొత్తగా విడుదలైన సినిమా ప్రకటన కనిపించింది. ఫోనులో ఆ సినిమా ఎప్పుడొచ్చిందో చూసి, ఆ సీరియల్ ఏ ఏడాదిదో పట్టుకుంది. ముఖం వెలిగిపోయింది. నాకూ ముచ్చటేసింది.

కానీ అలాంటివి బీరువా నిండా ఉన్నాయి. మర్నాడు ఇంకోటి తీసి కూర్చోబోతుంటే కాగితం గుర్తుచేశాను. "ఇస్తాను" వైపు జాబితా అని రాశావు, పరిశోధన అని రాయలేదు. కాస్త మొహం ముడుచుకుంది. ఆ శనివారం నోట్సులో తన చేత్తోనే రాసింది: పేరు తెలియని బైండ్లకి "పేరు తెలియదు, 6వ బీరువా" అని వరస పెట్టి, మొదటి వాక్యం, ఇద్దరు ముఖ్య పాత్రల పేర్లు మాత్రం ఎక్కించాలి. "హీరోయిన్ టీచరు" అని అడిగే మనిషికి అది చాలు.

ఈలోగా కాలేజీలో చిక్కొచ్చింది. గైడుగారు షీటు చూసి, "ఇందులో కోడింగ్ ఏదమ్మా, ఇది ప్రాజెక్టు ఎలా అవుతుంది?" అన్నారట. అమ్మాయి ఒక రోజంతా టెన్షన్‌లో ఉంది. గైడుగారి మాటలోనూ న్యాయం ఉంది, ఆయన మార్కులు వేయాల్సింది కంప్యూటర్స్ సబ్జెక్టుకి. అందుకని ఒక మధ్యేమార్గం ఆలోచించాం. ఆ షీటులోంచే వెతికి చూపించే చిన్న పేజీ ఒకటి, గూగుల్ షీటుకి కోడు రాసుకునే యాప్స్ స్క్రిప్టుతో రాయాలి. నేను పెట్టిన షరతు ఒకటే. ఆ పేజీ రేపు పని చేయకపోయినా షీటు పని చేయాలి, షీటు తెరుచుకోకపోయినా బైండు పుస్తకం ఉండాలి. రిపోర్టులో కోడు కన్నా శనివారం నోట్సే ఎక్కువ పేజీలు వచ్చింది. వైవాకి వచ్చినాయన దాన్నే తిరగేసి తిరగేసి ప్రశ్నలడిగారట.

ఇక అప్పగింత. మా డిపార్టుమెంటులో కొత్త టెలిఫోన్ ఎక్స్ఛేంజి పెడితే, పెట్టినవాళ్ళు అయిపోయిందంటే అయిపోయినట్టు కాదు. యాక్సెప్టెన్స్ టెస్టింగ్ అని వేరే విభాగం ఉండేది. ఏటీ వాళ్ళు వచ్చి తమ పద్ధతిలో పరీక్షించి, లోపాల చిట్టా ఇచ్చి, అవి సరిచేశాకే లైను జనానికి కలిపేవాళ్ళు. ఇక్కడ ఏటీ విభాగం లైబ్రేరియన్ గారు, మా పాఠకుడొక రిటైర్డ్ హెడ్‌మాస్టారు. అమ్మాయిని వరండాలో కూర్చోబెట్టి, లోపలికి రాకూడదు, నోరు విప్పకూడదు అన్నాం.

హెడ్‌మాస్టారికి వెతుకులాట బాగానే కుదిరింది. లైబ్రేరియన్ గారి దగ్గర బండి ఆగింది. మూడో బీరువా పుస్తకాలు మాత్రమే చూడాలని ఫిల్టర్ పెట్టింది, తీయడం మర్చిపోయింది. తర్వాత ఏం వెతికినా రావట్లేదు. "అయ్యయ్యో, పుస్తకాలన్నీ పోయాయి!" అని ఒకటే కంగారు. వరండాలోంచి అమ్మాయి లేవబోయింది, నేను కూర్చోమన్నాను. ఆ చిట్టాలో మొదటి లోపం అదే. అక్షరాలు చిన్నవి, కళ్ళజోడు పెట్టుకున్నా ఆనడం లేదు, రెండోది. పుస్తకం తిరిగొచ్చినప్పుడు పాత వరస చెరిపేయాలా, తేదీ వేయాలా తెలియలేదు, మూడోది. వారంలో అన్నీ సరిచేసింది. ఫిల్టర్లు తీసేసి ఒక్కో బీరువాకి ఒక్కో ట్యాబ్ పెట్టింది. రెండో పరీక్షలో నేనే కావాలని కొన్ని వరసలు చెరిపేశాను. లైబ్రేరియన్ గారు షీటు పాత రూపాలు ఉండే వెర్షన్ హిస్టరీలోకి వెళ్ళి వెనక్కి తెచ్చింది, గోడకి అంటించిన కాగితం చూసుకుంటూ. ఆ కాగితం అమ్మాయి రాసిందే, కానీ మాటలు లైబ్రేరియన్ గారివి. "పైన గుండ్రం గడియారం బొమ్మ నొక్కాలి" అని ఉంటుంది.

ఇంకో విషయం చాలా ప్రాజెక్టుల్లో ఎవరూ పట్టించుకోరు. షీటు ఎవరి ఖాతాలో ఉంది? అమ్మాయి సొంత జీమెయిల్‌లో మొదలుపెట్టింది, సహజం. దాన్ని లైబ్రరీ పేరు మీద కొత్త ఖాతాకి మార్పించాను. మరి ఓటీపీ ఏ నంబరుకి రావాలి? అమ్మాయి ఫోనుకి వస్తే, తను బెంగళూరులో ఆఫీసులో ఉన్నప్పుడు మేము ఇక్కడ తలుపు బయట నిలబడ్డట్టే. లైబ్రేరియన్ గారి నంబరు ఒకటి, నాది ఒకటి పెట్టాం. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి, మొదటి బీరువాలో రశీదు పుస్తకాల కింద ఉంచాం. పాఠకుల ఫోన్ నంబర్లు వేరే షీటులో, దాని లింకు మా ఇద్దరికే. పుస్తకాల జాబితా లింకు మాత్రం ఎవరికైనా ఇస్తాం. ఎవరేం చదువుతున్నారో ఊరందరికీ తెలియాల్సిన అవసరం లేదు.

సర్టిఫికెట్ మీద సంతకం నేనే పెట్టాను. అందులో "విజయవంతంగా పూర్తి చేసెను" లాంటి మాటలు కాకుండా ఏమేం ఇచ్చిందో, పరీక్షలో ఏ లోపాలు దొరికాయో, ఎప్పుడు సరిచేసిందో రాశాను. మొదట కాస్త కంగారుపడింది. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఆ కాగితం గురించే చాలాసేపు అడిగారని తర్వాత ఫోన్ చేసి చెప్పింది.

ఆరో బీరువా ఇంకా అలాగే ఉంది. పేరు తెలియని బైండ్లకి పేర్లు వెతకడం ఒక ప్రాజెక్టుగా చేస్తామంటే, తెలుగు వాళ్ళయినా కంప్యూటర్స్ వాళ్ళయినా ఇద్దరిద్దరుగా రండి. సాయంత్రం ఐదు తర్వాత ఎప్పుడైనా సరే, ఆదివారం సెలవు. ల్యాప్‌టాప్ తేవాల్సిన పని లేదు. తెల్లకాగితం ఒకటి తెచ్చుకోండి, కుడి పక్క ఏం రాయాలో ఆలోచించుకుని మరీ రండి. దుమ్ము అలర్జీ ఉన్నవాళ్ళు మాస్కు మర్చిపోవద్దు.